శ్రీకాకుళం నుంచి వైజాగ్ వెళ్ళి మరీ అవతార్ 2 త్రీడీలో చూడ్డం అవసరమా? నాన్నకి ఒక కంటికే ఆపరేషన్ అయ్యింది

నాగావళి_గుంటడు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపికుంటే మొత్తం చదవండి, లేపోతే చివర చూసి చెప్పీండి చాలు.

మాది గార మండలంలో సముద్రం ఒడ్డు ఊరు, ఉద్యోగం మీద నేను శ్రీకాకుళంలో రూము తీసుకుని ఉంటన్నాను. అవతార్ రెండో పార్టు మొన్న 2022 డిసెంబర్ 16న వచ్చింది కదా, మా నాన్నని తీసుకెళ్ళాలని నా కోరిక. ఎందుకంటే మొదటి పార్టు నాకు చూపించింది ఆయనే. నాన్న ఇరవయ్యేళ్ళు గుజరాత్‌లో వీరావల్ చేపల బోట్ల మీద పనిచేసాడు, ఆగస్టులో వెళ్తే మళ్ళీ ఎండాకాలానికే ఇంటి మొహం చూడ్డం, అలాంటిది 2009లో కాలికి దెబ్బ తగిలి మధ్యలోనే వచ్చీసాడు, ఆ ఏడు సంక్రాంతికి ఇంట్లోనే ఉన్నాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. కర్ర పట్టుకుని కుంటుకుంటూనే నన్ను బస్సెక్కించి శ్రీకాకుళం తీసుకొచ్చి సినిమా చూపించాడు, ఏ హాలో కూడా గుర్తు లేదు, త్రీడీ గీడీ ఏం లేదు మామూలు బొమ్మే, కానీ ఆ గాల్లో వేలాడే కొండలు చూసి నేను నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను, నాన్నయితే "ఏటి బావూ, ఈళ్ళందరికీ తోకలున్నాయి" అని హాలంతా వినపడేటట్టు అన్నాడు, వెనక బెంచీ వాళ్ళు ఒకటే నవ్వు.

ఇప్పుడు ఆయనకి 62. సెప్టెంబర్‌లో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేసారు, ఎడమ కంటికి ఇంకా ఉంది, తర్వాత చేద్దామన్నారు. షుగర్ కూడా ఉంది, గంటకోసారి లేవాలి. సినిమా చూస్తే మూడు గంటల పన్నెండు నిమిషాలంట. ఇక్కడ టౌన్‌లో తెలుగులో టూడీ ఆడుతోంది, రూము నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. త్రీడీ కావాలంటే వైజాగ్ పోవాలి, అంటే నూట పది కిలోమీటర్లు, బస్సుకి రానూపోనూ మనిషికి మూడొందల దరిదాపు, టికెట్టు, కళ్ళద్దాలు, తిండి అదనం. మా ఫ్రెండ్స్ అందరూ ఇది త్రీడీలో చూడకపోతే చూడనట్టే అంటన్నారు. నాన్ననడిగితే "టీవీలో ఒచ్చినప్పుడు చూద్దాంలే, ఆ డబ్బులతో సిలిండర్ వచ్చును" అంటాడు.

ఒక కన్నే బాగున్న మనిషికి త్రీడీ కనిపిస్తుందా? కనపడకపోతే అంత దూరం తీసుకెళ్ళి ఏం లాభం. పైగా మొదటి పార్టు కథ ఆయనకి తోకలు తప్ప ఏం గుర్తుండదు, మళ్ళీ చూపించాలా?

మూడు_లాంతర్లు:

తమ్ముడూ ఆలోచించకు, వైజాగ్ బస్సెక్కీ. నేను విజయనగరం నుంచి రెండుసార్లు వెళ్ళొచ్చాను, ఒకసారి త్రీడీ ఒకసారి టూడీ, రెండూ వేరే వేరే సినిమాల్లాగున్నాయి. మామూలుగా నేను త్రీడీకి శత్రువుని, మన దగ్గర ఆడే వాటిలో సగం తీసాక కంప్యూటర్లో త్రీడీ చేసినవి, కళ్ళజోడు పెట్టుకుంటే చీకటి తప్ప ఏముండదు. ఇది అలా కాదు, త్రీడీ కోసమే తీసాడు. నీళ్ళల్లో సీన్లకి నటుల్ని నిజంగా నీళ్ళల్లోనే దింపాడు, తొమ్మిది లక్షల గ్యాలన్ల ట్యాంకు కట్టించి, అంటే మన లెక్కలో దగ్గర దగ్గర 34 లక్షల లీటర్లు. నటుల కదలికల్ని పట్టడానికి వాళ్ళ ఒంటి మీద చుక్కలు పెడతారు, పైన లైటు నీళ్ళ మీద పడి మెరిస్తే ఆ చుక్కల్ని కెమెరాలు పట్టలేవని నీళ్ళ మీదంతా చిన్న చిన్న తెల్ల బంతులు పరిచారంట. గాలి సిలిండర్ పెట్టుకుంటే బుడగలు వస్తాయని అందరికీ ఊపిరి బిగబట్టడం నేర్పించారు, కేట్ విన్స్‌లెట్ ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్లు బిగబట్టింది. నేను బాత్రూమ్ బకెట్లో ట్రై చేసాను, నలభై సెకన్లకి మా ఆవిడ తలుపు బాదింది.

ఇంకోటి, కొన్ని సీన్లు సెకనుకి 48 ఫ్రేములు. మామూలు సినిమా 24 కదా. నీళ్ళల్లో ఈదే సీన్లూ ఫైట్లూ 48లో ఆడతాయి, మాట్లాడుకునే సీన్లు 24 లాగే కనపడతాయి. మొదటి పది నిమిషాలు ఏదో టీవీ సీరియల్ చూస్తన్నట్టు, మరీ నున్నగా ఉందనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడిపోతుంది. ఇది అన్ని హాళ్ళలోనూ ఉండదు, బుక్ చేసేటప్పుడు హెచ్ఎఫ్ఆర్ అని రాసుందో లేదో చూడు. వైజాగ్ కాకుండా ఇంకా పెద్దది కావాలంటే హైదరాబాద్ ప్రసాద్స్‌లో కొత్త తెర, లేదా సూళ్ళూరుపేటలో 106 అడుగుల వెడల్పు తెర ఉంది, కానీ మీ నాన్నగారిని అంత దూరం తిప్పమని నేను చెప్పను, చెప్తే నన్ను తంతారు.

కథ అంటావా, బస్సులో చెప్పీ. మొదటి దాంట్లో కాళ్ళు పనిచెయ్యని సోల్జరు ఉంటాడు, వాడి మనసుని నీలం ఒంటిలోకి పంపిస్తారు, వాడు ఆ అడవి వాళ్ళ పిల్లని ప్రేమించి చివరికి వాళ్ళలో కలిసిపోయి, గనుల కోసం వచ్చిన మన మనుషుల్నే తరిమేస్తాడు. అంతే. రెండో దాంట్లో పెళ్ళాం పిల్లలతో అడవిలో ఉంటే మళ్ళీ వాళ్ళు వస్తారు, ఇతని కోసం వెతుకుతారు, ఊరికి కష్టం రాకూడదని కుటుంబాన్ని తీసుకుని సముద్రం ఒడ్డు వాళ్ళ దగ్గరకి పోతాడు. మీ నాన్నకి ఆ రెండో సగం నువ్వు చెప్పక్కర్లేదు, ఆయనే నీకు చెప్తాడు.

తెలుగు డబ్బింగ్ బాగుంది, అవసరాల శ్రీనివాస్ మాటలు రాసాడు. అనువాదం కంపు లేదు.

థియేటర్_దండగ:

మూడు గంటలు కూర్చుని చూస్తే ఏముంది, అడవిలోంచి సముద్రానికి పోయారు, మళ్ళీ అదే విలన్ కల్నలు, మళ్ళీ అదే ఫైటు. చచ్చిపోయిన విలన్‌నే నీలం ఒంటిలో పెట్టి తెచ్చాడు, పదమూడేళ్ళు ఆలోచించి ఇదా. మన సినిమాల్లో విలన్ తమ్ముడు వస్తే నవ్వుతారు, అక్కడ విలనే మళ్ళీ వస్తే గ్రేట్. ఓటీటీలో వచ్చేదాకా ఆగు బ్రో, సిలిండర్ కొను, మీ నాన్న చెప్పిందే కరెక్ట్.

మూడు_లాంతర్లు:

కథ కొత్తది కాదని ఎవడు కాదన్నాడు. వనవాసం వెళ్ళిన కుటుంబం కథ మనకి కొత్తేటి? అయినా ఏటా వింటాం కదా. సెల్లులో చూసి సముద్రం బాలేదంటే ఏం చెప్తాం.

పాత_ఆపరేటర్:

బాబూ నేను విజయనగరం జిల్లాలోనే హాల్లో 1983 నుంచి ముప్ఫై ఏళ్ళు ఆపరేటర్‌గా చేసినాను, డిజిటల్ వచ్చినాక కొన్నాళ్ళు చేసి మానీసినాను. పైన బాబు సినిమా గురించి చెప్పినాడు, నేను తెర గురించి చెప్తాను, ఎందుకంటే జనం సినిమాకి పేరు పెడతారు గాని తప్పు చాలాసార్లు దీపానిది.

త్రీడీ అంటే ఒకే ప్రొజెక్టర్‌లోంచి ఎడమ కంటి బొమ్మ, కుడి కంటి బొమ్మ మార్చి మార్చి పడతాయి, అది ఎంత జోరుగా అంటే మామూలు 24 ఫ్రేముల సినిమాకి సెకనుకి 144 సార్లు. నీ కళ్ళజోడు ఏ కంటికి ఆ బొమ్మనే లోపలికి వదుల్తాది. రెండో బొమ్మని ఆపీయాలి కదా, అందుకని వెలుగులో చాలా మటుకు దారిలోనే పోతాది. టూడీకి తెర మీద పద్నాలుగు పాళ్ళు వెలుగుండాలంటే త్రీడీలో కళ్ళజోడులోంచి నాలుగు, నాలుగున్నర వస్తే అదే గొప్ప. దానికి తోడు ప్రొజెక్టర్‌లో దీపం, జినాన్ ల్యాంపు అంటారు, అది పాతదైపోతే ఇంకా డల్లు. ల్యాంపు ఖరీదు ఎక్కువ, గ్యారంటీ గంటలు అయిపోయినా వెలుగుతున్నాది కదా అని నడిపించీవాళ్ళు ఉంటారు, నేనూ ఓనరు చెప్తే నడిపించినాను, అబద్ధం ఎందుకు. కాబట్టి నువ్వు చూడాల్సింది త్రీడీయా టూడీయా అని కాదు, ఏ హాల్లో బొమ్మ వెలుగ్గా ఉన్నాదీ అని. మసక త్రీడీ కంటే వెలుగున్న టూడీ వెయ్యి రెట్లు మేలు, అందులోనా కంటి ఆపరేషన్ మనిషికి.

మామూలు కళ్ళజోడు త్రీడీకి తెర వెండి పూత తెర అయ్యుండాలి. ఆ తెరకి నడుమ ఎంత వెలుగో పక్కలకి అంత ఉండదు. చివర సీట్లు కొనకు, మధ్యలో, వెనక నుంచి మూడో వంతు దగ్గర తీసుకో. తల ఒక పక్కకి వాల్చి చూడొద్దు అని మీ నాన్నకి చెప్పు, కొన్ని రకాల కళ్ళజోళ్ళకి తల వంచితే బొమ్మ రెండుగా కనిపిస్తాది.

1984 నాటి మలయాళం త్రీడీ బొమ్మ మాకూ వచ్చింది కదా, తెలుగులో చిన్నారి చేతన. అప్పుడు కార్బన్ కడ్డీల దీపం, కడ్డీ కాలిపోతున్న కొద్దీ చేత్తో దగ్గరకి జరుపుకుంటా ఉండాలి, ఇరవై నిమిషాలకో రీలు మార్పు, త్రీడీకి మళ్ళీ వేరే లెన్సు. కేబిన్‌లో చెమట కారిపోయీది. కిందకి చూస్తే పిల్లలూ పెద్దలూ అందరూ గాల్లో చేతులు చాపి ఏదో పట్టుకుంటన్నారు, నాకు పైనుంచి కళ్ళజోడు లేదు కాబట్టి ఏమీ కనపడదు, రెండు బొమ్మలు కలిసిపోయి మసగ్గా ఉంటాది అంతే, ఉత్తి గాలి పట్టుకుంటన్న జనాన్ని చూసి నవ్వుకునీవాణ్ణి. ఆ బొమ్మ నేను కళ్ళజోడు పెట్టుకుని చూడనే లేదు. సరే, అది వేరే సంగతి.

కళ్ళద్దాల_పరీక్ష:

నేను కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం, డాక్టర్ని కాదు, అది ముందే చెప్తున్నాను. మీరడిగిన అసలు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నాను.

త్రీడీలో లోతు కనపడాలంటే రెండు కళ్ళూ పనిచెయ్యాలి, రెండిటి బొమ్మల్నీ మెదడు కలుపుకోవాలి. ఒక కంటిలో శుక్లం బాగా ముదిరిపోయి వెలుతురు తప్ప ఏం కనపడకపోతే త్రీడీ ఆ మనిషికి అస్సలు అందదు, కళ్ళజోడు పెట్టుకుంటే బొమ్మ మామూలుగానే, కాకపోతే చీకటిగా కనిపిస్తుంది. కానీ శుక్లం కొంచెమే ఉండి ఆ కంటితో కూడా ఒక మోస్తరుగా కనపడితే, ఎంతో కొంత లోతు తెలుస్తుంది. ఇంకో చిక్కుంది, ఆపరేషనైన కంటికి లోపల లెన్సు వేస్తారు కాబట్టి దాని పవర్ వేరు, ఆపరేషన్ కాని కంటి పవర్ వేరు. ఆ తేడా ఎక్కువుంటే రెండు బొమ్మలూ కలవవు, కాసేపటికి తలనొప్పి వస్తుంది.

ఇంట్లోనే ఒక పని చెయ్యండి. గోడకి క్యాలెండర్ ఉంటుంది కదా, పది అడుగుల దూరంలో ఆయన్ని కూర్చోబెట్టి, ఆపరేషనైన కన్ను అరచేత్తో మూయించండి, వేళ్ళతో నొక్కకూడదు, అరచెయ్యి ఊరికే అడ్డం పెట్టాలి. డాక్టరు అద్దాలిస్తే అవి పెట్టుకునే చూడాలి. ఎడమ కంటితో నెల పేరు చదవగలిగితే త్రీడీకి కొంత ఆశ ఉంది. ఏం కనపడకపోతే టూడీకే వెళ్ళండి, డబ్బులు మిగులుతాయి. ఆపరేషనై మూడు నెలలు దాటింది, మధ్యలో ఇబ్బందేం లేకపోతే సినిమా చూస్తే కన్ను పాడైపోతుందనే భయం అక్కర్లేదు. పవర్ అద్దాలుంటే వాటి మీదే త్రీడీ కళ్ళజోడు పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం మెట్లు. ఒక కంటితోనే చూసేవాళ్ళకి మెట్టు ఎంత లోతుందో సరిగ్గా అంచనా దొరకదు, అదీ చీకట్లో. లైట్లు ఆర్పకముందే లోపలికెళ్ళి కూర్చోండి, బాత్రూమ్‌కి లేస్తే చెయ్యి పట్టుకుని దింపండి. మొహమాటపడి వద్దంటారు, వినొద్దు.

ఆమదాలవలస_అక్క:

అందరూ దీపం గురించి చెప్తన్నారు, తెర గురించి చెప్తన్నారు, కన్ను గురించి చెప్తన్నారు, ఇంత పెద్ద పోస్టులో మీ అమ్మ ఏదమ్మా? ఆవిడ మనిషి కాదేటి? ఇంటికాడ చేపలు తోముకుంటా ఉండాలా మీరిద్దరూ నీలం మనుషుల్ని చూసొచ్చేదాకా?

సరే కొట్టను గాని విను, మేం పిల్లల్తో వెళ్ళొచ్చాం. ఫస్ట్ షోకి వెళ్ళొద్దు, సినిమా మూడుంపావు, మన దగ్గర ఇంటర్వెల్ కలుస్తుంది, యాడ్లు కలుస్తాయి, బయటికొచ్చేసరికి నాలుగు గంటలు పడుతుంది, రాత్రి పదిన్నర దాటాక పెద్దవాళ్ళతో బస్ కాంప్లెక్స్‌లో నిలబడ్డం నరకం. పొద్దున్న ఆటకి వెళ్ళు, పనిదినం అయితే జనం తక్కువ. ట్రైన్ అయితే మీరు మళ్ళీ శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి మా ఊరు రావాలి, మీకు బస్సే నయం, ఇప్పుడు రోడ్డు ఆరు లైన్లు కదా రెండున్నర గంటల్లో దింపీస్తాడు. టికెట్లు దారి పక్కన సీట్లు తీసుకో, పైన ఆపరేటర్ బాబాయి మధ్యలో అన్నారు, నిజమే గాని గంటకోసారి లేచే మనిషిని మధ్యలో కూర్చోబెడితే ఇరవై మంది మోకాళ్ళు తొక్కాలి. మధ్య వరసల్లో దారి పక్కన ఉంటే చాలు.

బయట తిండి రానివ్వరు, కానీ షుగర్ ఉందని గేటు దగ్గర చెప్తే బిస్కెట్ ప్యాకెట్టుకి ఏం అనలేదు మమ్మల్ని. లోపల పాప్‌కార్న్ రేటు చూస్తే మీ నాన్నకి షుగర్ తో పాటు బీపీ కూడా వస్తుంది. సినిమా అయ్యాక బీచ్‌కెళ్ళి మరమరాల మూరీ మిక్చర్ తినండి, అది మాత్రం మానొద్దు.

నాగావళి_గుంటడు:

అక్కా, సిగ్గుగా ఉంది. నిజంగానే అమ్మ గుర్తు రాలేదు. అమ్మకి సినిమాలంటే ఇష్టం లేదు అని ఇన్నేళ్ళు అనుకుంటన్నాను, ఇప్పుడు ఫోన్ చేసి అడిగితే "నన్నెవరైనా అడిగారేటి ఎప్పుడైనా" అంది. 2010లో నన్నూ నాన్ననీ బస్సెక్కించి తను ఇంటికెళ్ళిపోయింది, అది కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

క్యాలెండర్ పరీక్ష చేయించాను వీడియో కాల్లో. ఎడమ కంటితో డిసెంబర్ అని చదివాడు, తేదీలు కనపడలేదు. కానీ డిసెంబర్ అని నెల తెలిసి చెప్పాడో చదివి చెప్పాడో తెలీదు కదా, అందుకని అమ్మ క్యాలెండర్ తిప్పి జూలై పెట్టింది. "జూలై" అన్నాడు. అమ్మ తెలివికి దండం పెట్టాలి.

కళ్ళద్దాల_పరీక్ష:

మీ అమ్మగారిని మా ఆసుపత్రికి పంపండి, ఉద్యోగమిచ్చేస్తారు. అయితే త్రీడీ కొంత అందొచ్చు. పూర్తిగా అని ఆశ పెట్టుకోకండి.

నాగావళి_గుంటడు:

వెళ్ళొచ్చాం. ఆలస్యంగా రాస్తన్నాను, మొన్న గురువారం వెళ్ళాం ముగ్గురం. సినిమా చూడనివాళ్ళు ఇది చదవొద్దు, కథ ఉంది.

పొద్దున్న ఆరున్నర బస్సు, రణస్థలం దాటేసరికి నాన్న నిద్ర, అమ్మ కిటికీ పక్కన కూర్చుని ప్రతి బోర్డూ చదువుతా వచ్చింది. హాల్లో నాన్నకిచ్చిన కళ్ళజోడు అంతా గీతలు, అడిగితే మార్చారు, అది కూడా గీతలే, మూడోది కొంచెం నయం. లైట్లు ఆర్పకముందే కూర్చున్నాం, దారి పక్కనే. బొమ్మ వెలుగ్గానే ఉంది ఆపరేటర్ బాబాయి గారూ, అదృష్టం.

త్రీడీ సంగతి. అడవిలో నిప్పురవ్వల్లాంటివేవో గాల్లో తేలుతా వస్తాయి, అమ్మ చెయ్యెత్తి దోమని తోలినట్టు తోలింది, రెండుసార్లు. నాన్నని అడిగితే "నాకేటీ ముందుకు రాలేదు బావూ, బొమ్మ బాగానే ఉన్నాది" అన్నాడు. నాకు ఉసూరుమంది. మళ్ళీ కాసేపటికి నీళ్ళ కింద సీన్లొచ్చినప్పుడు "లోపలికి పోతన్నట్టుంది" అన్నాడు, అంటే లోతు ఎంతో కొంత తెలిసినట్టే, ముందుకొచ్చేవి తెలీలేదు. ఇది ఎందుకలాగో పైన కంటి ఆసుపత్రి ఆయన చెప్పాలి. ఇంటర్వెల్ దాకా రెండుసార్లు లేచాడు, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంటే విదిలించాడు, నేను వదల్లేదు.

సముద్రం వాళ్ళ ఊరు వచ్చాక నాన్న ఇంక మాట్లాడ్డం మొదలెట్టాడు, పక్క సీట్లో కాలేజీ పిల్లలు, నేను ఆపుదామనుకున్నాను గాని వాళ్ళు చెవులొగ్గి వింటన్నారు. ఆ ఇళ్ళు వలల్లాగ అల్లి వేర్ల మీద కట్టారు కదా, "తుఫానొస్తే ఒక్కటీ ఉండదు" అన్నాడు. ఆ తిమింగలం లాంటి జంతువు పిల్లతో ఉంటే పడవలేసుకుని తరిమి చంపుతారు కదా, దాని తలలో ఏదో పసరు కోసం, అది తాగితే మనుషులు ముసలోళ్ళవ్వరంట, ఆ సీన్‌లో మాత్రం ఏం అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అమ్మకి కోపమొచ్చిన సీను వేరే, ఆ సముద్రం వాళ్ళ పెద్దావిడ కడుపుతో ఉండి యుద్ధానికి బయల్దేరుతుంది, "కడుపుతో ఉన్న మనిషిని తీసుకెల్తారేటి, ఆ ఊళ్ళో ఆడోళ్ళే లేరా ఆపడానికి" అని నాతో గొడవ, నేనేదో తీసినట్టు.

చివర్లో ఆ జంతువు పడవ మీద తిరగబడుతుంది, ఈటెకి కట్టిన తాడు చుట్టుకుని ఆ కెప్టెన్ గాడి చెయ్యి తెగిపోతుంది. హాలంతా ఈలలు. నేను కూడా వేసాను. పక్కకి చూస్తే నాన్న ముందు సీటు పట్టుకుని వంగి ఉన్నాడు, "అది నిజం" అన్నాడు. ఏది అంటే "తాడు" అన్నాడు.

తిరుగు బస్సులో భోగాపురం దగ్గర చెప్పాడు. 2009లో కాలికి దెబ్బ అంటే బోటు మీద జారి పడ్డాడనే నాకు తెలుసు, అమ్మకీ అంతే తెలుసు. జారి పడలేదంట. వల లాగుతుంటే వించ్ మీదకి పోయే తాడు చుట్టలో కాలు పడిందంట, తాడు బిగుసుకుని ఈడ్చుకుపోతంటే తండేలు, అంటే బోటుకి పెద్ద, చూసి వించ్ ఆపి వెనక్కి తిప్పాడంట, ఇంకొక్క చుట్టు తిరిగితే కాలు అక్కడే ఉండిపోను అన్నాడు. చాలా మామూలుగా చెప్పాడు, ఏ టీ కొట్లోనో ఎవరి సంగతో చెప్పినట్టు. అమ్మ ఏం మాట్లాడలేదు చాలాసేపు. తర్వాత "పదమూడేళ్ళు" అంది, ఇంక కిటికీలోంచే చూస్తా కూర్చుంది. దిగినాక కూడా నాన్నతో మాటల్లేవు, ఇంటికెళ్ళి పొద్దున్నకి గాని టీ ఇవ్వలేదంట.

మూరీ మిక్చర్ తిన్నాం అక్కా. అమ్మే డబ్బులిచ్చింది.

ఆమదాలవలస_అక్క:

టీ ఇచ్చింది కదా, అది చాలు. మా ఇంట్లో అయితే వారం.

మూడు_లాంతర్లు:

తమ్ముడూ 48 ఫ్రేములు నున్నగా అనిపించాయా లేదా, అది చెప్పలేదు.

నాగావళి_గుంటడు:

అనిపించాయి అన్నా. మొదట్లో కొంచెం సీరియల్ లాగే ఉంది, నీళ్ళలోకి దిగాక మర్చిపోయాను. నాన్ననడిగితే "నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, ఇంకెలా ఉంటాయి" అన్నాడు.

థియేటర్_దండగ:

సరే నేను కూడా వెళ్తాలే ఆదివారం. టూడీకే.

పాత_ఆపరేటర్:

బాబూ మీ నాన్నగారు అంత సేపు కూర్చున్నారంటే మంచిదే. ఏ వరస తీసుకున్నారు?

నాగావళి_గుంటడు:

హెచ్ వరస బాబాయిగారూ, మొదటి మూడు సీట్లు. మీరు చెప్పినంత మధ్య కాదు, అక్క చెప్పినట్టు దారి పక్క.

కళ్ళద్దాల_పరీక్ష:

లోపలికి పోయే లోతు తెలిసి ముందుకొచ్చేవి తెలియకపోవడం గురించి ఇక్కడ్నుంచి ఊహించి చెప్పలేను, చూసే చెప్పాలి. తెర బయటికి వచ్చే బొమ్మకి రెండు కళ్ళనీ బాగా లోపలికి తిప్పాలి, ఒక కన్ను మసగ్గా ఉంటే అది కొంచెం కష్టం, అదై ఉండొచ్చు. రెండో కంటికి డేట్ ఇచ్చారా?

నాగావళి_గుంటడు:

ఫిబ్రవరిలో రమ్మన్నారు. నాన్న వాయిదా వేద్దామంటన్నాడు గాని, మూడో పార్టు కూడా వస్తుందని ఎవరో బస్సులో చెప్తే విన్నాడు, "అప్పటికైతే రెండో కన్ను చేయించీసుకోవాలి, టికెట్టు నువ్వే తియ్యాలి" అన్నాడు. అమ్మకి కూడా తియ్యాలంట, అది అమ్మే చెప్పింది.